‘పోనాడు’కి నేను పెట్టిన ట్యాగు

ఉద్యోగ విరమణకి ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయనగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం, పోర్ట్ బ్లెయిర్‌లోని మా రికార్డుల ఆఫీసులో నా బల్ల మీదికి ఒక ఆర్డరు వచ్చింది. ఒక మత్స్యకారుల సొసైటీ అప్పగించిన తెలుగు చేతిరాత రిజిస్టరును స్కాన్ చేయించి, అందులోని రాతను కంప్యూటరు పాఠంగా మార్చి, పాఠంలోని ప్రతి వరసనూ స్కానులోని అదే వరసతో జతపరచవలెనని దాని సారాంశం. ‘అసిస్టెంట్ లైబ్రరీ అండ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్ స్వయంగా పర్యవేక్షించవలెను’ అని చివర ఉంది. ఆ ఆఫీసర్ని నేనే. హోదా పొడుగు కావడం వల్ల నా నేమ్‌ప్లేటు రెండు వరసల్లో ఉండేది. దాన్ని రోజూ తుడిపించేవాణ్ణి.

ఈ పని నాకు రావడానికి కారణం నా ప్రతిభేనని ఆనాడు గట్టిగా నమ్మాను. అసలు కారణం, ఆఫీసు మొత్తంలో తెలుగు గడగడా చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం. ద్వీపాల్లో పుట్టిన తెలుగువాళ్ళం ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడతాం. చాలామందికి అక్షరాల దగ్గరికొచ్చేసరికి తెలుగు ఆగిపోతుంది. మా తాతగారిది గోదావరి వైపు. మా నాన్న నన్ను గోల్ ఘర్‌లో మా ఇంటి వరండాలో పలకతో కూర్చోబెట్టి, వత్తు తప్పినప్పుడల్లా వేళ్ళ మీద కొట్టి తెలుగు నేర్పారు. ఆ దెబ్బల వల్ల నాకు తెలుగు వచ్చింది. తెలుగు నాకు మాత్రమే వచ్చునన్న అభిప్రాయం కూడా దాంతోపాటే వచ్చింది.

రిజిస్టరు అరవై ఏళ్ళు పైబడిన గుడ్డ అట్ట పుస్తకం. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి ఓడలో వచ్చి ఇక్కడ వేట మొదలుపెట్టిన కుటుంబాల జాబితా అది. ఇంటిపేరు, పేరు, వయసు, వదిలి వచ్చిన ఊరు, ఎవరి పడవలో పని అన్నవి మొదటి గడులు. చివరి గడి పేరు ‘సంగతి’. చాలా పేర్లకి ఆ గడి ఖాళీగా ఉంది. కొన్నింటికి ‘పోనాడు’ అనీ, ఆడవాళ్ళయితే ‘పోనాది’ అనీ రాసి ఉంది. రాసినవాడెవరో పుస్తకంలో ఎక్కడా లేదు.

ఈ పని తెలియనివారికి రెండు మాటల్లో చెబుతాను. స్కాన్ అంటే ఒక బొమ్మ. అందులో అక్షరాలు మనకి కనిపిస్తాయి గాని కంప్యూటరుకి కనిపించవు. దానికి అది నలుపూ తెలుపూ చుక్కలున్న కాగితం. అందుకని రాతనంతా మళ్ళీ టైపు చేస్తాం. టైపు చేసిన మాటలకి ఇది మనిషి పేరు, ఇది ఊరు, ఇది మరణం, ఇది రాసినవాడే కొట్టేసిన మాట అని ట్యాగులు తగిలిస్తాం. దీన్ని ఎన్‌కోడింగ్ అంటారు. తర్వాత బొమ్మ మీద ఒక్కో వరస చుట్టూ ఒక గడి గీస్తాం. దానికి జోన్ అని పేరు. ఆ జోన్ కొలతలూ, దాని నంబరూ ఫైలులో నమోదవుతాయి. పాఠంలోని వరసకి ఆ నంబరు తగిలిస్తే, పేరు నొక్కగానే బొమ్మలో ఆ వరస వెలుగుతుంది. చదివినవాడు సరిగ్గా చదివాడో లేదో ఎవరికి వారు చూసుకోవడానికే ఈ ఏర్పాటంతా. ఈ చివరి వాక్యాన్ని నేను మూడు శిక్షణ తరగతుల్లో ఇతరులకి బోధించాను కూడా.

జోన్లు గీసి లింకులు కలపడానికి రాజేశ్వరి అనే టెక్నికల్ అసిస్టెంటును ఇచ్చారు. నలభై దగ్గర పడ్డ మనిషి, డిప్లొమా చదివింది, కాంట్రాక్టు ఉద్యోగం. రోజూ తుష్నాబాద్ నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. రాజేశ్వరికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను చదివి టైపు చేస్తే, ఆమె బొమ్మ చూసి గడులు గీసేది. ఈ విభజన నాకు చాలా సబబుగా తోచింది. తల నాది, చెయ్యి ఆవిడది అనుకున్నాను.

మూడో వారంలో ఆమె నన్ను తన స్క్రీను దగ్గరికి పిలిచింది.

“సర్, యే దేఖియే. ఈ పేరు పక్కన చిన్న బొమ్మ ఉంది. ఇక్కడా ఉంది, ఇక్కడా ఉంది. వీటికి వేరే జోన్ గీశాను. ట్యాగు ఏం పెట్టమంటారు?”

చూశాను. ‘పోనాడు’ అన్న మాట పక్కన బియ్యపు గింజంత వంపు, దాని మీద పుల్లలాంటి చిన్న గీత. కలం జారిన సిరా మరక అన్నాను.

“అన్నిచోట్లా ఒకేలా జారిందా సర్?”

పాత కలాలు అంతేనని చెప్పాను. పాత కలాల గురించి నాకేమీ తెలియదు. ఆమె అంతటితో వదల్లేదు. కొన్ని వరసల్లో బొమ్మ లేదనీ, వాటిలో పేరు మీద అడ్డంగీత ఉందనీ చూపించింది. అవి రాసినవాడు తప్పు రాసి కొట్టేసిన పేర్లనీ, వాటిని కొట్టివేతలుగా ట్యాగు చేశాననీ, జాబితాలో అవి కనిపించనక్కర్లేదనీ వివరించాను. మరి ‘పోనాడు’కి మరణం అని ఎందుకు పెట్టారని అడిగింది.

“పోనాడంటే పోయాడు. పోయాడంటే చనిపోయాడు” అన్నాను.

“మా అమ్మ రోజూ బజారుకి పోతాది సర్. సాయంత్రం వచ్చేస్తాది.”

అది మాట్లాడే భాష, ఇది రికార్డు భాష అన్నాను. మరకలకి గీసిన జోన్లు తీసెయ్యమని ఉత్తర్వు కూడా ఇచ్చాను. ఆమె “ఠీక్ హై సర్” అని తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. మా ఇంట్లో మనిషి బజారుకి ‘వెళ్తాడు’, కాలం తీరితే ‘పోతాడు’. ఉత్తరాంధ్ర తీరంలో రెండింటికీ ‘పోవడమే’ వాడతారని నాకు తెలియకపోలేదు. జంగ్లీఘాట్ చేపల బజారులో చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. కాకపోతే దాన్ని తెలుగుగా లెక్కలోకి తీసుకోలేదు.

సెప్టెంబరుకి పాఠం పూర్తయింది. అక్టోబరులో సొసైటీ కుటుంబాలని పిలిచి చూపించాలని డైరెక్టరు గారు నిర్ణయించారు. ఆ కబురు వెళ్ళిన మర్నాడే అప్పయ్యమ్మ మా ఆఫీసుకి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. జంగ్లీఘాట్‌లో చేపలమ్ముతుంది. ఖాళీ గంపని గేటు దగ్గర గార్డుకి అప్పగించి, లోపలికొచ్చి నిలబడే మాట్లాడింది.

“బాబూ, మా అయ్య పేరు ఆ పుస్తకంలో ఉంటాదా? మైలపల్లి పోలయ్య.”

కూర్చోమన్నాను. పేరు కొట్టాను. వచ్చింది. పోలయ్య, వయసు ముప్పై రెండు, ఊరి పేరు, పడవ యజమాని పేరు, ఆ కింద ఎర్ర అక్షరాల్లో మరణం. చదివి వినిపించాను. ఆమె మళ్ళీ చదవమంది. చదివాను.

“సచ్చిపోనాడనే ఉందా?”

“గవర్నమెంటు రికార్డమ్మా. ఉన్నదే చెబుతున్నాను” అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆమెకి మూడేళ్ళప్పుడు తండ్రి ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదట. పెళ్ళాన్నీ పిల్లనీ వదిలేసి పడవెక్కి వెళ్ళిపోయాడని తల్లి చచ్చేదాకా చెప్పిందట. పేటలో అందరూ తనని ఎల్లిపోనోడి కూతురనే పిలిచారట. పెళ్ళి సంబంధాలు కూడా ఆ మాట మీద రెండు తప్పిపోయాయట.

“అయితే మమ్మల్ని ఒగ్గీసి పోనేదన్నమాట” అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఇన్నేళ్ళూ ఓ పిండం పెట్టనేదు బాబూ. వచ్చే అమాసకి పెట్టిస్తాను.”

పేరు నొక్కితే రిజిస్టరు బొమ్మ తెరుచుకుంటుంది. నేను నొక్కలేదు. చదువురాని మనిషికి స్కాను చూపించి ఏం లాభమనుకున్నాను. ఆమె వెళ్ళాక రాజేశ్వరితో, మన పని ఒక కుటుంబానికి ఎంత మేలు చేసిందో చూశావా అన్నాను. ఆమె తల ఊపి తన స్క్రీను వైపు తిరిగింది. భోజనానికి ఇంటికెళ్ళి మా ఆవిడకీ చెప్పాను. సాయంత్రం పక్కింటివాళ్ళకీ చెప్పాను.

ప్రదర్శన నాటికి హాలు నిండింది. ముందు వరసలో డైరెక్టరు గారు, సొసైటీ పెద్దలు. వెనక ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిపి నూరు మంది దాకా ఉన్నారు. అప్పయ్యమ్మ రాలేదు. నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో మైకు ముందు నిలబడి, పాఠాన్నీ బొమ్మనీ కలపడం గురించి హిందీలో కొంత, తెలుగులో కొంత చెప్పాను. తర్వాత, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళ పేరు ఎవరిదైనా చెప్పండి, వెతికి చూపిస్తాను అన్నాను.

రెండో వరసలోంచి ఒక ముసలాయన లేచి, “సూరాడ గురువులు” అన్నాడు.

రాజేశ్వరి కంప్యూటరు దగ్గరుంది. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. పెద్ద తెర మీద పడింది. గురువులు, వయసు ఏడు, మరణం.

ఏడేళ్ళ పిల్లవాడు. నాకు జాలేసింది. నిజంగానే వేసింది. దూరతీరం దాటి వచ్చి ఈ నేల మీద కన్నుమూసిన ఆ పసివాడి కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నాను. ఇది కార్యక్రమంలో లేదు, అప్పటికప్పుడు తట్టింది. డైరెక్టరు గారితో సహా అందరూ లేచారు. లేచి ఉన్న ముసలాయన అలాగే తల వంచుకుని నిలబడ్డాడు.

నిమిషం అయ్యాక అందరూ కూర్చున్నారు. ఆయన కూర్చోలేదు.

“బాబూ, ఇప్పుడు మనం నిలబడింది ఎవులి కోసం?”

“ఆ గురువులు కోసం పెద్దాయనా.”

“ఆ గురువుల్ని నానే” అన్నాడు.

వెనక వరసల్లో ముందుగా ఒక ఆడమనిషి నవ్వింది. ఆ తర్వాత హాలులో ఆయన కాక నవ్వనివాళ్ళు ఇద్దరే, నేనూ రాజేశ్వరీ. గురువులు గారు మాత్రం నవ్వులకి అడ్డు రాకుండా, అవి ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, తర్వాత చెప్పాడు.

“పోనాను బాబూ, అబద్దం కాదు. మా అమ్మతోటి మాయాబందర్ పోనాను. నాలుగేళ్ళకి తిరిగొచ్చీసేను. ఆ పుస్తకం రాసినోడు మా మేనమావ. మనిసి సచ్చిపోతే పేరు మీద గీత కొట్టీవోడు. వేరే దీవికో, మన ఊరికో ఎల్లిపోతే పక్కని దోనె బొమ్మ యేసీవోడు. రెండింటికీ పోనాడనే రాసీవోడు మరి. మేమంతే అంటాం గదా.”

అప్పటికి రాజేశ్వరి, నన్నడగకుండానే, గురువులు పేరు నొక్కింది. తెర మీద అసలు వరస పెద్దదై వెలిగింది. ‘పోనాడు’ పక్కన నా సిరా మరక అరచెయ్యంత అయి కనిపించింది. వంపు దోనె. పుల్ల తెరచాప కొయ్య. అది పడవ కాదని అనగలిగిన మనిషి ఆ హాల్లో నేనొక్కణ్ణే.

లెక్క తేలింది. ఊళ్ళు మారినవాళ్ళందరినీ నేను చంపేశాను. నిజంగా చనిపోయినవాళ్ళని, తప్పుగా రాసిన పేర్లనుకుని, జాబితాలోంచే తీసేశాను. రిజిస్టరు మొత్తంలో ఏ ఒక్క ‘పోనాడు’కీ నేను పెట్టిన ట్యాగు సరైనది కాదు. కళ్ళు మూసుకుని పెట్టినా సగం సరిపోయేవి. డైరెక్టరు గారు మెల్లగా మాట్లాడే మనిషి. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి హిందీలో ఒకే మాట అన్నారు. ఇంకెంతమంది బతికి ఉన్నారో కనుక్కోండి అని.

అవమానం ఒక పూట బాధించేది. అంతకంటే పెద్ద సంగతి నాకు తడుతుండగానే రాజేశ్వరి అడిగింది.

“సర్, పోలయ్య?”

ఇద్దరం చూశాం. పేరు మీద గీత లేదు. పక్కన దోనె ఉంది.

దోనెల జోన్లన్నీ మళ్ళీ గీయాలేమోనన్నాను. అక్కర్లేదంది. నేను తీసెయ్యమన్నప్పుడు తీసెయ్యలేదట. కామెంటుగా మార్చి ఉంచిందట. అంటే కంప్యూటరు పట్టించుకోదు గాని రాత ఫైలులో అలాగే ఉంటుంది. ఉత్తర్వు ధిక్కరించినందుకు ఆమె నాకు సంజాయిషీ ఇవ్వబోయింది. నేనే వద్దన్నాను.

అమావాస్య రెండు రోజుల్లో ఉంది. మర్నాడు పొద్దున్న ఇద్దరం జంగ్లీఘాట్ వెళ్ళాం. రాజేశ్వరి పోలయ్య వరసని పెద్దది చేసి ప్రింటు తీసి తెచ్చింది. నేను దారంతా మాటలు కూర్చుకున్నాను. పోలయ్య సంగతి తెలియదు అని రాస్తే అందరికీ గౌరవంగా ఉంటుందని ఒక ఉపాయం కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

అప్పయ్యమ్మ గంప ముందు కూర్చుని చేపకి పొలుసు తీస్తోంది. మమ్మల్ని చూసి పక్కనున్న పీట జరిపింది. నేను కూర్చోలేదు.

“అప్పయ్యమ్మగారూ, మీ నాన్నగారి విషయంలో నేను తప్పు చదివాను.”

ఆమె చెయ్యి ఆగలేదు. “అంటే సావనేదా?”

“ఆ పుస్తకం రాసేనాటికి చనిపోలేదు. పడవెక్కి వెళ్ళిపోయారు. ఎక్కడికో రాయలేదు.”

చేప అయిపోయింది. దాన్ని పక్కన పెట్టి నీళ్ళతో చేతులు కడుక్కుంది.

“మా అమ్మ సెప్పిందే నిజం” అంది. “పది రోజుల బట్టి దాన్ని తిట్టుకుంతన్నాను బాబూ. మంచోడి మీద లేనిపోనివి సెప్పి నన్ను పెంచిందని. అది సచ్చి ఇరవయ్యేళ్ళు. ఇప్పుడు దానికెలా సెప్పుకోను?”

నేను చేసినది ఏమిటో అప్పుడు పూర్తిగా అర్థమైంది. లేని చావుని తండ్రికి అంటగట్టాననే అంతవరకూ అనుకున్నాను. తల్లిని అబద్ధాలకోరుని చేసిన సంగతి నాకు తట్టనేలేదు. క్షమించమన్నాను. ఆమె ఆ మాట వినిపించుకోలేదు. రాజేశ్వరి చేతిలో కాగితం వైపు చూస్తోంది.

“అదేటి దీదీ?”

రాజేశ్వరి కాగితం ఆమె ఒళ్ళో పెట్టింది. ఏమీ చెప్పలేదు, వేలు కూడా పెట్టలేదు. అప్పయ్యమ్మ తడిచేతుల్ని కొంగుకి తుడుచుకుని, కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూసింది.

“దోనె” అంది. “ఇదైతే నాకూ సదవడం వచ్చును. ఆ రోజే ఇది సూపించుంటే అయిపోను గదా బాబూ.”

దారంతా కూర్చుకున్న మాటలు వదిలేశాను. ఉపాయం మాత్రం మిగిలింది. పోలయ్య సంగతి తెలియదు అని రాస్తాం, ఎవరూ ఏమీ అనుకోరు అన్నాను.

“వద్దు” అంది. “ఎల్లిపోనాడనే రాయి. మా అమ్మ మాట నిలబడాల.”

అమావాస్య ఏర్పాట్ల మాట ఆమే ఎత్తింది. పిండం సముద్రంలో కలపడానికి పడవ చెప్పేశారట, పంతులికి చెప్పేశారట. మానుకోవడం లేదంది. “ఇప్పుడు బతికుంటే నూరేళ్ళ కాడికొస్తాడు. ఎక్కడో ఒకకాడ పోయే ఉంటాడు. ఎలాగైనా పోనాడే గదా.” ఇంకో చేప అందుకుంది. కొనేవాళ్ళు వచ్చారు. మేం వచ్చేశాం.

తర్వాత నాలుగు నెలలు పట్టింది. ఈసారి రాజేశ్వరి బొమ్మ చూసి గుర్తు ఏమిటో ముందు చెప్పేది, ఆ తర్వాతే నేను రాత చదివేవాణ్ణి. దోనెకి ఒక ట్యాగు, గీతకి ఒక ట్యాగు పెట్టాం. రెండూ సరిగ్గా కనిపించనిచోట ‘సందిగ్ధం’ అని పెట్టాం. వారానికొకసారి గురువులు గారు వచ్చి కూర్చునేవాడు. కొట్టివేతలనుకుని తీసేసిన పేర్లన్నీ తిరిగి జాబితాలోకి వచ్చాయి, వారి వారి మరణాలతో సహా. ఎవరి పేరు వెతికినా ముందు రిజిస్టరు బొమ్మ తెరుచుకుని, దాని కింద పాఠం వచ్చేలా పేజీ మార్చాం. ఆ మార్పు రాజేశ్వరిది. నేను సంతకం పెట్టాను.

ఇందులో నేను నేర్చుకున్నది కొద్దిగానే ఉంది. పాఠానికి తగిలించిన ప్రతి ట్యాగూ చదివినవాడి అభిప్రాయం. ఆ అభిప్రాయం ఎవరిదో రాసి ఉండాలి, దానికి ఆధారమైన బొమ్మ ఎదురుగా ఉండాలి. చదవడం వచ్చినవాడికి అక్షరం కానిదేదీ కంటికి ఆనదు గనక, పక్కన చదవడం రానివారు ఒకరు ఉండటం మంచిది. ఎన్‌కోడ్ చేసిన ప్రతి ఫైలుకీ మొదట్లో మార్పుల పట్టిక ఒకటి ఉంటుంది. ఏ తప్పు ఎప్పుడు దిద్దారో, ఆ తప్పు ఎవరిదో అందులో రాయడం నియమం. దిద్దిన తర్వాత కూడా దాన్ని తీసెయ్యకూడదు. మా ఫైలులో ఆ పట్టికలో ‘పోనాడు’ గురించి ఒక వరస ఉంది. దాని చివర, బాధ్యత అన్న గడిలో, నా పూర్తి పేరూ నా పూర్తి హోదా ఉన్నాయి.